పక్కింటి జామకాయలతో క్రంబుల్: ఓటీజీ ఉన్నా లేకపోయినా ఎలా చేయాలి

వానాకాలం సగం దాటిందంటే హనుమకొండలో పాత ఇళ్లున్న గల్లీల్లో జామచెట్లు కాయల బరువుకు వంగిపోతాయి. చెట్టున్న వాళ్లు తినగలిగినన్ని తిని, మిగిలినవి చుట్టుపక్కల పంచుతారు. అప్పుడు మొదలవుతాయి నాకు ప్రశ్నలు. "పక్కింటి వాళ్లు బకెట్ నిండా ఇచ్చారు, ఏం చేయాలి?" "జామకాయతో ఏదైనా బేక్ చేయొచ్చా?" "ఓటీజీ లేదు, కుక్కర్‌లో అవుతుందా?" "చేశాను, అడుగున నీళ్లు నిలిచాయి, ఎందుకు?" అందరికీ కలిపి ఇక్కడ చెబుతున్నాను. ఓటీజీ అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్.

చేసేది క్రంబుల్. అడుగున ఉడికించిన జామ ముక్కలు, వాటి మీద పిండి, వెన్న, బెల్లం కలిపి చల్లిన కరకరలాడే పొర. గుడ్డు వద్దు, బేకింగ్ పౌడర్ వద్దు, బీటర్ వద్దు. కేక్ పొంగుతుందో లేదో అన్న టెన్షన్ ఉండదు. ఇందులో చూసుకోవాల్సింది ముఖ్యంగా తడి. కాయలోని నీళ్లు, మూతకు పట్టే నీళ్లు, వెన్న కరిగితే పిండికి పట్టే తడి. ఈ మూడింటినీ అదుపులో పెట్టగలిగితే మొదటిసారే బాగా వస్తుంది.

ముందు కాయల సంగతి

మన దగ్గర జామ రెండు కాపులు కాస్తుంది. వానాకాలం కాపు ఎక్కువగా వస్తుంది కానీ కాయ చప్పగా, నీరుగా ఉంటుంది, పురుగు కూడా ఎక్కువ. చలికాలం కాపు తక్కువైనా కాయ గట్టిగా, తియ్యగా, మంచి వాసనతో ఉంటుంది. మీకు ఆగే ఓపిక ఉంటే నవంబర్ నుంచి జనవరి దాకా వచ్చే కాయలతో చేయండి, తేడా మీకే తెలుస్తుంది. వానాకాలం కాయలతోనూ చేయొచ్చు, కాకపోతే ముక్కల్ని ఇంకాసేపు దగ్గరికి ఉడికించాలి.

చెట్టు పక్కింటివాళ్లదైతే అడిగి తెంపుకోండి. కొమ్మ మన గోడ మీదికి వంగి ఉన్నా సరే. "పెద్దమ్మా, జాంకాయలు తెంపుకుంటం, మీకు సగం ఇస్తం" అంటే కాదనేవాళ్లు అరుదు. అడిగేటప్పుడే ఇంకో మాట కూడా కనుక్కోండి, ఈ మధ్య చెట్టుకు మందు కొట్టారా అని. కొట్టి ఉంటే ఆ మందు డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా కాయ ముట్టొద్దు. కడిగితే పోతుందిలే అనుకోవద్దు.

తెంపేటప్పుడు దోటికి చిక్కం కట్టుకోండి. కాయ నేల మీద పడితే దెబ్బ తిన్నచోట సాయంత్రానికే మెత్తబడి నల్లగా మారుతుంది. కొమ్మల్లో కరెంటు తీగ ఉందేమో ముందు చూడండి, ఉంటే ఇనుప దోటి అస్సలు వాడొద్దు. వాన పడుతున్నప్పుడు కాకుండా, ఎండ వచ్చి కాయ ఆరాక తెంపండి. తడి కాయలు తొందరగా కుళ్లుతాయి. చీకటి పడ్డాక చెట్టు దగ్గరికి పోవద్దని పెద్దవాళ్లు అంటారు కదా, అది పాటించండి. ఆకుల్లో ఎర్ర చీమల గూళ్లుంటాయి, చెట్టు మొదట్లో గడ్డి ఉంటే పాముల భయం కూడా.

ఏ కాయలు తేవాలి? నాలుగింట మూడు వంతులు దోర కాయలు, ఒక వంతు పండినవి. ముదురు ఆకుపచ్చ రంగు పోయి లేత పసుపు తిరిగి, బొటనవేలితో నొక్కితే కొంచెమే లొంగేది దోర కాయ. జామకాయలో పెక్టిన్ అనే పదార్థం బాగా ఉంటుంది, అదే రసాన్ని చిక్కబరుస్తుంది. దోర కాయలో అది ఎక్కువ, బాగా పండేకొద్దీ తగ్గుతుంది. అన్నీ పండినవే వేస్తే హల్వా లాగా ముద్దవుతుంది. అన్నీ పచ్చివే వేస్తే వగరు పోదు. కాయలు మరీ గట్టిగా ఉంటే కాగితంలో చుట్టి బియ్యం డబ్బాలో ఒకటి రెండు రోజులు పెట్టండి. ముదిరిన కాయ తెంపాక కూడా పండుతుంది. పిందె మాత్రం పండదు, వాడిపోతుంది.

పురుగు చూడటం

వానాకాలంలో ఈ పని తప్పనిసరి. పండు ఈగ కాయ తోలులో సూదితో పొడిచినంత చిన్న రంధ్రం చేసి లోపల గుడ్లు పెడుతుంది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. రంధ్రం చుట్టూ చిన్న నల్ల మచ్చ, వేలు పెడితే అక్కడ మాత్రం మెత్తగా ఉండటం దాని గుర్తు. కానీ పైన చూసి నమ్మొద్దు, ప్రతి కాయనూ నాలుగు ముక్కలుగా కోసి గుజ్జు చూడండి. తెల్లటి సన్న పురుగులు కదులుతుంటే, లేదా గుజ్జు గోధుమ రంగులోకి మారి నీరు కారుతుంటే ఆ కాయ మొత్తం పారేయండి. ఆ భాగం కోసేసి మిగతాది వాడదామని చూడొద్దు.

పారేయడమంటే చెట్టు కిందకు విసరడం కాదు. పురుగు మట్టిలోకి దిగి ఈగగా మారి మళ్లీ అదే చెట్టు మీదికి వస్తుంది. కవర్లో గట్టిగా మూతి కట్టి చెత్తబండిలో వేయండి, లేదా లోతుగా పాతిపెట్టండి. చెట్టు వాళ్లకు కూడా ఈ మాట చెప్పండి. రాలిన కాయలు రోజూ ఏరేస్తే వచ్చే కాపులో పురుగు తగ్గుతుంది.

చిలక కొట్టిన జామకాయ తియ్యగా ఉంటుందని చిన్నప్పుడు అందరం తిన్నాం. ఇప్పుడు వద్దు. కొరికింది చిలకో గబ్బిలమో మనకు తెలియదు. గాటు పడిన కాయలన్నీ పక్కన పెట్టేయండి.

కావలసినవి

ఇది ఏడు అంగుళాల గుండ్రటి టిన్ను లేదా అంతే పట్టే స్టీలు గిన్నెకు, ఆరుగురికి సరిపోయే కొలత. కప్పు అంటే 240 మిల్లీలీటర్లది.

అడుగున వేసే జామ కోసం:
- జామకాయలు 1 కిలో. గింజలు తీసేశాక సుమారు 600 గ్రాముల ముక్కలు వస్తాయి
- బెల్లం పొడి 100 గ్రాములు, అంటే ముప్పావు కప్పుకు కొంచెం తక్కువ
- నిమ్మరసం 1 పెద్ద చెంచా
- దాల్చినచెక్క పొడి అర టీ చెంచా, లేదా రెండు యాలకులు
- మిరియాల పొడి 2 చిటికెలు, ఉప్పు 1 చిటికెడు
- నీళ్లు అర కప్పు

పైన చల్లే పొర కోసం:
- గోధుమ పిండి 100 గ్రాములు, ముప్పావు కప్పుకు కొంచెం ఎక్కువ
- జొన్న పిండి 50 గ్రాములు, అర కప్పుకు కొంచెం తక్కువ
- బెల్లం పొడి 60 గ్రాములు
- చల్లటి వెన్న 80 గ్రాములు
- వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు పావు కప్పు

మిరియాలు ఎందుకని అడుగుతారు. జామకాయకు ఉప్పు, కారం అద్దుకుని తినే నాలుక మనది. రెండు చిటికెల మిరియాలు ఆ రుచిని గుర్తు చేస్తాయి, కారం తెలియదు. పిల్లలు వద్దంటే వదిలేయండి.

జొన్న పిండి మాత్రం వదలొద్దని నా మాట. గోధుమ పిండిలో సాగే గుణం ఉంటుంది, జొన్నలో ఉండదు. అది కలిస్తే పొర పొడిపొడిగా, కరకరలాడుతూ వస్తుంది. జొన్న పిండి లేకపోతే మక్క పిండి గానీ సన్న బొంబాయి రవ్వ గానీ అంతే కొలతలో వేయండి. మైదాతో కూడా చేయొచ్చు, కానీ రుచి చప్పగా ఉంటుంది.

వెన్న బయట కొనేదైతే 100 గ్రాముల ప్యాకెట్‌లో ఐదో వంతు కోసి పక్కన పెట్టండి, మిగిలేది 80. అది ఉప్పు వేసినదైతే పొరలో వేరే ఉప్పు వద్దు, ఉప్పు లేనిదైతే ఒక చిటికెడు కలపండి. వెన్న బదులు నెయ్యి వాడాలనుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డ నెయ్యి 65 గ్రాములు చాలు. వెన్నలో కొంత నీరు ఉంటుంది, నెయ్యిలో ఉండదు కాబట్టి అదే కొలత వేస్తే జిడ్డు తేలుతుంది. కరిగిన నెయ్యి, నూనె రెండూ దీనికి పనికిరావు.

బెల్లం కొనేటప్పుడు తెల్లగా మెరిసేది కాకుండా ముదురు రంగుది తీసుకోండి. రంగు తేలడానికి రసాయనాలు కలిపిన బెల్లం చూడటానికే బాగుంటుంది. జామలో వేసే బెల్లాన్ని రెండు చెంచాల నీళ్లతో కరిగించి, టీ వడకట్టే జాలీలో వడకట్టండి. ఇసుక పంటికి తగిలితే ఇంత పనీ వృథా. పైపొరకు వేసేది కరిగించకూడదు, అందుకే అది మంచి శుభ్రమైన పొడి బెల్లం అయి ఉండాలి. దొరకకపోతే పంచదార వేయండి.

జామ వండటం

1. కాయలు కడిగి తుడవండి. తొడిమ, కింద ముచ్చిక కోసేయండి. తోలు పలుచగా ఉంటే తీయొద్దు, వాసనంతా అందులోనే ఉంటుంది. గరుకుగా, మందంగా ఉన్న తోలైతే పీలర్‌తో పైపైన చెక్కేయండి.

2. ప్రతి కాయనూ నాలుగు చీలికలు చేసి, గింజల గుజ్జును చెంచాతో గీకి వేరే గిన్నెలో వేయండి. గట్టి గుజ్జును అర అంగుళం ముక్కలుగా కోసి వెంటనే నిమ్మరసంలో కలపండి. తెల్ల జామ గాలి తగిలితే నల్లబడుతుంది. లోపల గులాబీ రంగున్న జామకు కూడా ఇలాగే చేయండి.

3. గింజల గుజ్జు పారేయొద్దు. పావు కప్పు నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉడికించి, జల్లెడలో వేసి గరిటెతో రుద్దండి. కిందకు చిక్కటి గుజ్జు దిగుతుంది. జామ అసలు రుచి ఇందులోనే ఉంటుంది, క్రంబుల్‌కు చిక్కదనం కూడా దీనితోనే వస్తుంది. మిక్సీలో మాత్రం వేయకండి. గింజలు ముక్కలై ఆ పలుకులు జల్లెడలో కూడా ఆగవు.

4. స్టీలు గిన్నెలో జామ ముక్కలు, మిగిలిన పావు కప్పు నీళ్లు వేసి మూత పెట్టి చిన్న మంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు మగ్గనివ్వండి. ఇనుప కడాయి వద్దు. పులుపు తగిలి ముక్కలు నల్లబడతాయి, ఇనుము రుచి కూడా వస్తుంది.

5. ముక్కలోకి చాకు మొన సులువుగా దిగాకే బెల్లం నీళ్లు, జల్లించిన గుజ్జు వేయండి. ఈ వరస మార్చొద్దు. బెల్లం ముందే వేస్తే ముక్కలు బిరుసెక్కి, ఎంతసేపు ఉడికించినా మెత్తబడవు. "ముక్కలు రబ్బరు లాగా ఉన్నాయి" అని అడిగే వాళ్లలో చాలామంది చేసేది ఇదే.

6. ఇప్పుడు మూత తీసి మధ్యస్థ మంట మీద కలుపుతూ దగ్గరికి రానివ్వండి. గరిటెతో గిన్నె అడుగున ఒక గీత గీయండి. రసం వెంటనే వచ్చి గీతను పూడ్చేస్తే ఇంకా నీళ్లున్నట్టు. గీత ఒకటి రెండు క్షణాలు నిలబడి, తర్వాత నెమ్మదిగా పూడితే అయినట్టు. వానాకాలం కాయలకు పది నిమిషాలు దాటినా గీత నిలవకపోతే, ఒక టీ చెంచా కార్న్‌ఫ్లోర్‌ను రెండు చెంచాల చల్లటి నీళ్లలో కలిపి పోసి ఇంకో నిమిషం ఉడికించండి. చలికాలం కాయలకు ఈ అవసరం రాదు.

7. దించి దాల్చినచెక్క, మిరియాలు, ఉప్పు కలపండి. పూర్తిగా చల్లారనివ్వండి. చల్లారాక రుచి చూడండి, వేడి మీద తీపి ఎక్కువ అనిపిస్తుంది. తక్కువైతే ఇంకో చెంచా బెల్లం కలపండి, చప్పగా ఉంటే నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి.

పైపొర కలపడం

8. గోధుమ పిండి, జొన్న పిండి, బెల్లం పొడి ఒక వెడల్పాటి గిన్నెలో కలిపి పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. వెన్నను చిన్న ముక్కలుగా కోసి అదీ ఫ్రిజ్‌లోనే ఉంచండి. గ్యాస్ మీద కడాయిలో చేయబోయే వాళ్లు ఈ మెట్టుకు ముందే రెండు పిండ్లనూ పొడి మూకుడులో చిన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చుకోవాలి. ఎందుకో కింద చెబుతాను.

9. వెన్న ముక్కలు పిండిలో వేసి వేళ్ల కొసలతో నలపండి. సద్దుల బతుకమ్మకు మలీద చేసేటప్పుడు రొట్టెను బెల్లంతో కలిపి నలుపుతాం చూడండి, అదే చేతివాటం. అరచేయి తగలొద్దు, అరచేతి వేడికి వెన్న కరిగి పిండి ముద్దవుతుంది. అక్కడక్కడ శనగ గింజంత ఉండలు, మిగతాది తడి ఇసుక లాగా అయితే ఆపేయండి. పల్లీలు కలపండి.

ఇక్కడ ఒక పరీక్ష ఉంది. గుప్పెట్లోకి తీసుకుని మెల్లగా నొక్కితే ఉండ కట్టాలి, వేలితో తట్టితే విడిపోవాలి. అసలు ఉండే కట్టకపోతే ఒక చెంచా వెన్న కలపండి. తట్టినా విడిపోకుండా చపాతీ పిండిలా అయితే వెన్న కరిగిందన్నమాట. నీళ్లు, పాలు ఏవీ పోయకుండా గిన్నెతో సహా ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక క్యారెట్ తురిమే దానితో తురమండి. చాలావరకు దారికొస్తుంది.

ఓటీజీలో కాల్చడం

10. పైన, కింద రెండు రాడ్లూ వేసి 180 డిగ్రీల మీద పది నిమిషాలు ముందే వేడి చేయండి. ఓటీజీని ఫ్రిజ్, మిక్సీ పెట్టే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టకండి. గోడకున్న 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్‌లోనే పెట్టండి.

11. టిన్నుకు వెన్న రాసి, చల్లారిన జామ పరిచి, పైపొరను వేళ్ల మధ్య నుంచి రాల్చుతూ చల్లండి. అదమొద్దు. అదిమితే ఆవిరికి దారి ఉండదు, కింది తడి పైపొరకు పట్టి మెత్తటి రొట్టె లాగా అవుతుంది.

12. మధ్య అరలో పెట్టి 35 నుంచి 40 నిమిషాలు కాల్చండి. ఇరవై నిమిషాలకే పైన ఎర్రబడిపోతే టిన్ను మీద అల్యూమినియం రేకు వదులుగా కప్పండి. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకుండా వదిలేయండి. వేడి కొంతసేపు నిలుస్తుంది, కరెంటు వచ్చాక రంగు చూసుకుంటూ ఇంకాసేపు ఉంచండి.

మైక్రోవేవ్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మోడ్‌లోనే చేయాలి, అదే 180 డిగ్రీలు. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో పొర కాలదు, మెత్తగా ఉడుకుతుంది. ఆ మోడ్‌లో లోహపు టిన్ను పెట్టడం ప్రమాదం కూడా.

ఓటీజీ లేకపోతే గ్యాస్ మీద

ఎక్కువమంది అడిగేది ఇదే. అవుతుంది, బాగానే అవుతుంది. కానీ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఓటీజీలో పైనుంచి వేడి తగులుతుంది, ఇక్కడ తగలదు. వేడంతా అడుగు నుంచే. అందుకే పిండిని ముందే వేయించుకోమన్నాను. రంగూ కమ్మదనం వేయించడంలోనే వచ్చేస్తాయి, కడాయిలో వెన్న పట్టి పొర గట్టిపడితే చాలు.

మందపాటి పాత అల్యూమినియం కడాయి గానీ బగోన గానీ తీసుకోండి. నాన్‌స్టిక్ వద్దు, ఖాళీగా అంతసేపు వేడెక్కితే పూత పాడవుతుంది. కుక్కరే వాడతానంటే మూత నుంచి రబ్బరు గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయండి. ఇది మరిచిపోతే ప్రమాదం. పాత కుక్కరే వాడండి, రోజూ పప్పు వండేది ఇలా పొడి వేడికి పెట్టొద్దు.

అడుగున రెండు కప్పుల ఉప్పు పరిచి, మీద చిన్న స్టాండ్ గానీ బోర్లించిన స్టీలు గిన్నె గానీ పెట్టండి. మూత పెట్టి మధ్యస్థ మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. తర్వాత జామ, పైపొర వేసిన టిన్నును పట్టకారుతో జాగ్రత్తగా దించండి. టిన్ను గోడలకు తగలకుండా చుట్టూ వేలెడు ఖాళీ ఉండాలి. గాజు గిన్నె, పింగాణీ గిన్నె ఇందులో వాడొద్దు, పగులుతాయి. అల్యూమినియం లేదా స్టీలు మాత్రమే.

మంట తగ్గించి 40 నుంచి 45 నిమిషాలు ఉంచండి. పావుగంటకోసారి మూత అడ్డంగా, ఒక్క కదలికలో పక్కకు తీసి, పొడి బట్టతో లోపలి తడి తుడిచి పెట్టేయండి. నిలువుగా ఎత్తితే ఆ నీళ్లన్నీ పొర మీదే కారతాయి. ఆఖరి పది నిమిషాలు మూత ఒక పక్కకు జరిపి ఆవిరి పోనివ్వండి. మూతకు బట్ట చుట్టే పద్ధతి కొందరు చెబుతుంటారు. గ్యాస్ మంట మీద అది అంటుకుంటుంది, చేయొద్దు.

వాడిన ఉప్పును కూరల్లో వేయకండి. చల్లారాక సీసాలో పోసి ఉంచితే మళ్లీ మళ్లీ ఇదే పనికి వస్తుంది.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది

గడియారం కన్నా కంటిని నమ్మండి. టిన్ను అంచుల్లో జామరసం బుడగలు రావాలి. ఆ బుడగలు చిక్కగా, నెమ్మదిగా పగలాలి. నీళ్లు మరిగినట్టు గబగబా పగులుతుంటే ఇంకా పది నిమిషాలు కావాలి. పైపొర ముదురు బంగారు రంగులో ఉండాలి, గ్యాస్ మీద చేస్తే కొంచెం లేతగా ఉంటుంది. చెంచా వెనకతో పొర మీద తట్టండి, గట్టిగా చప్పుడు రావాలి. మధ్యలో ఒక చోట చాకు గుచ్చి తీస్తే పచ్చి పిండి అంటకూడదు.

తీసిన వెంటనే వడ్డించొద్దు. ఇరవై నిమిషాలు ఆగండి. వేడి మీద రసం పలుచగా ఉంటుంది, చల్లారేకొద్దీ చిక్కబడుతుంది. "నీళ్లు నిలిచాయి" అన్నవాళ్లలో కొందరిది నిజానికి తొందరే. పైగా కాగిన బెల్లం రసం నాలుక మీద పడితే బొబ్బ లేస్తుంది, పిల్లలకు పెట్టేటప్పుడు మరీ జాగ్రత్త.

తేడా వస్తే

ఇరవై నిమిషాలు ఆగినా అడుగున నీళ్లుంటే గీత పరీక్ష సరిగా చూడలేదన్నమాట. పైపొరను చెంచాతో పళ్లెంలోకి ఎత్తి, జామను మళ్లీ గిన్నెలో వేసి దగ్గరికి ఉడికించి, పొర తిరిగి చల్లండి. చూడటానికి అంత అందంగా ఉండదు గానీ రుచి దెబ్బతినదు.

వగరుగా ఉంటే కాయలు పచ్చివి. కాల్చాక దాన్ని తీసేయలేం. చల్లటి మీగడ గానీ వెనిలా ఐస్‌క్రీమ్ గానీ వేసి తింటే చాలావరకు మరుగున పడుతుంది.

అడుగు మాడిన వాసన వస్తే మంట ఎక్కువైంది. వెంటనే టిన్ను బయటికి తీసి చల్లటి నీళ్లున్న పళ్లెంలో పెట్టండి. పైనుంచి తీసి వడ్డించండి, అడుగు గీకొద్దు.

పైపొర తినేటప్పుడు పచ్చి పిండి రుచి వస్తే పొర మరీ మందంగా పడిందన్నమాట. అర అంగుళం దాటకూడదు. మిగిలిన పొరను డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెడితే నెల రోజులు బాగుంటుంది.

జామ కాకుండా వేరేవి

సపోటాతో చేయొచ్చు. బాగా పండినవి కాకుండా కొంచెం గట్టివి తీసుకుని, ఉడికించకుండా ముక్కలు నేరుగా వేయండి, బెల్లం సగానికి తగ్గించి నిమ్మరసం పెంచండి. బొప్పాయి దోరదైతే జామ లాగానే, కానీ నిమ్మరసం రెండు చెంచాలు వేయాలి, లేకపోతే చప్పన. మామిడి కాలంలో గట్టిగా ఉన్న బంగినపల్లి బాగుంటుంది, రసాలు పనికిరావు.

సీతాఫలం గురించి ప్రతి దసరాకూ అడుగుతారు. దానితో చేయకండి. సీతాఫలం గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది. దాన్ని చల్లగా పాలలోనో ఐస్‌క్రీమ్‌లోనో కలుపుకోండి.

పంచడం, దాచడం

చెట్టు వాళ్లకు వాటా తీసేటప్పుడు వాళ్లు కాయలు పంపిన గిన్నెలోనే వేడి తగ్గాక సర్ది ఇవ్వండి. ఎలాగూ ఆ గిన్నెను ఖాళీగా పంపం. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ముందే చెప్పండి, బెల్లం వేశామంటే ఫరవాలేదనుకుని తినేస్తారు. బెల్లమైనా పంచదారైనా షుగర్‌కు తేడా పెద్దగా లేదు.

బయట పెడితే ఒక పూట, ఫ్రిజ్‌లో మూత పెట్టి మూడు రోజులు. రెండో రోజుకు పైపొర మెత్తబడుతుంది. ఓటీజీలో 160 డిగ్రీల మీద పది నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడుతుంది. అది లేనివాళ్లు పొరను మాత్రం ఎత్తి పొడి పెనం మీద చిన్న మంటకు వేడి చేసి, మళ్లీ మీద చల్లుకోండి.

కాయలు మరీ ఎక్కువ వచ్చినప్పుడు ఏడో మెట్టు దాకా చేసి, చల్లారిన జామను ఒక్కో క్రంబుల్‌కు సరిపడా డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. రెండు నెలలు నిలుస్తుంది. డబ్బా నిండా నింపకుండా పైన వేలెడు ఖాళీ వదలండి, గడ్డకట్టేటప్పుడు జామ ఉబ్బుతుంది. చేయాలనుకున్న ముందు రోజు రాత్రి కింది ఫ్రిజ్‌లోకి మార్చి, పొద్దున ఒకసారి పొయ్యి మీద పెట్టి ఊరిన నీళ్లు ఇగిరిపోయేదాకా కలిపి, చల్లార్చి వాడండి.